కుక్కపిల్ల రాకమునుపు

ఈ విద్యాసంవత్సరారంభమున ఆరవ తరగతివారికి వ్యాసరచన నేర్పుచు నల్లబల్లమీద ఒక ప్రశ్న వ్రాసితిని: “ఇంటికి క్రొత్తగా కుక్కపిల్లను దెచ్చుకొనుటకు ముందు ఏయే వస్తువులు కొని సిద్ధపరచుకొనవలయును?” పిల్లలు ఉత్సాహముతో కలములు పట్టిరి. మువ్వలు గల మెడపట్టీ యని కొందరు, రబ్బరు బంతి యని కొందరు, బిస్కత్తులని చాలమంది వ్రాసిరి. ఒక బాలిక దానికి చలికోటు కావలయుననెను. మా పేరాల యెండలు ఎరిగియుండియు చలికోటు తలంచిన ఆ బాలిక దయకు సంతోషించితిని. కడపటి బల్లమీద కూర్చుండు నేతవారి అబ్బాయి మాత్రము ఒకే వాక్యము వ్రాసి కాగితము నా చేతికిచ్చెను. “మొదట మా అమ్మ నడుగవలెను” అని యందున్నది. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. అయినను ఆ కాగితమునకు పదింట తొమ్మిది మార్కులు వేసితిని. వ్యాసమన్నప్పుడు ఒక్క వాక్యము చాలదు గదా యని ఒక మార్కు తగ్గించితిని.

ఆ ప్రశ్న పాఠ్యపుస్తకములోనిది కాదు, మా యింటిలోనిది. దానికి నేను ఒకసారి తప్పు సమాధానము వ్రాసినవాడను. అందుచేతనే ఈ సంచికలో ఆ సంగతి చెప్పదలచితిని. పిల్లలేగాక, పిల్లల మారాము తాళలేక కుక్కపిల్లను దెత్తమా యని యోచించుచున్న తల్లిదండ్రులు కూడ దీనిని చదువుదురని నా నమ్మకము.

ఇప్పటికి మూడేండ్ల క్రిందట, డిసెంబరు మొదటి వారమున, క్రిస్మసు కానుకగా మా చిన్నమ్మాయికి ఒక కుక్కపిల్లను దెచ్చితిని. దానికి రెండు మాసముల వయస్సు. నుదుట తెల్లని మచ్చ యుండుటచే అమ్మాయి దానికి చుక్క యని పేరు పెట్టినది. నేను గుంటూరు వెళ్లినప్పుడు ఎఱ్ఱని మెడపట్టీ యొకటి, దానికి చిన్న యిత్తడి మువ్వలు, ఒక బంతి, ఒక డబ్బా బిస్కత్తులు కొని తెచ్చితిని. టీకాల మాట నా భార్య జ్ఞాపకము చేసినది. “పండుగ వెళ్లనిమ్ము, తరువాత చూతము” అంటిని. క్రిస్మసు పాటల బృందము వీధివీధి తిరుగుచుండగా అమ్మాయి చుక్కను చంకనెత్తుకొని ప్రతి యింటివారికిని చూపినది. ఎక్కడ దింపిన అక్కడ అది నేల వాసన చూచుచు, వీధికుక్కలు తిరిగిన చోట్లనే తానును తిరిగినది.

27వ తేది ఉదయమున చుక్క అన్నము ముట్టలేదు. మధ్యాహ్నమునకు వాంతులు, రాత్రికి నెత్తురు విరేచనములు. పశువైద్యుని యొద్దకు గొనిపోగా ఆయన మొదట అడిగినది, “టీకా వేయించితిరా?” అని. “లేదండి, ఇంకను చిన్నది గదా యనుకొంటిని” అంటిని. “చిన్నది గనుకనే వేయించవలయును మాస్టారూ” అని ఆయన మెల్లగా చెప్పి, సూదిద్వారా సెలైను ఎక్కించుటకు ఉపక్రమించెను. అది పార్వో అను వ్యాధి యనియు, 1978 ప్రాంతమున మొదట కనబడి రెండేండ్లలోనే లోకమంతట వ్యాపించినదనియు, ప్రేగుల లోపలి పొరను పాడుచేసి పిల్లలను త్వరగా చంపుననియు ఆయనవలన తెలిసికొంటిని. ఆయన చేయవలసినదంతయు చేసెను. 30వ తేది తెల్లవారకమునుపే చుక్క చనిపోయినది.

31వ తేది రాత్రి ఆరాధనకు అందరము బయలుదేరితిమి గాని అమ్మాయి రాలేదు. మా అమ్మ దాని ప్రక్కనే కూర్చుండెను. నేను చెప్పులు వేసికొనుచుండగా అది గోడవైపు తిరిగి, “మెడపట్టీకి డబ్బులున్నవి గాని సూదికి లేవా నాన్నగారూ?” అని యడిగినది. కోపముతో అడుగలేదు, తెలియక అడిగినది. క్రొత్త సంవత్సరపు ఆరాధనలో నేను ఏమి వింటినో నాకు జ్ఞాపకము లేదు. ఆ ప్రశ్న మాత్రము జ్ఞాపకమున్నది.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్నవాడను. ఒక్క గంట పాఠము చెప్పుటకు ముందు పాఠ్యపథకము వ్రాసి, బోధనోపకరణములు అను శీర్షిక క్రింద సుద్దముక్క మొదలుకొని దేశపటము వరకు ప్రతి వస్తువును పేర్కొనవలయునని మాకచ్చట నేర్పిరి. ఇరువది యేండ్లుగా నేను ఇతరులకును అదే చెప్పుచున్నాను. పదియో పండ్రెండో యేండ్లు మా యింట బ్రతుకదగిన ప్రాణిని దెచ్చునప్పుడు మాత్రము ఒక చీటియైనను వ్రాయలేదు. కొన్న వస్తువులన్నియు మా కన్నులకు ఇంపైనవి. దానికి అవసరమైనది ఒక్కటియు లేదు.

ఏడాదికి పైగా మా యింట కుక్క మాట ఎవరును ఎత్తలేదు. పిదప ఒకనాటి సాయంకాలము అమ్మాయి తన లెక్కల పుస్తకము చివరి పుట చించి తెచ్చి నా ముందు పెట్టినది. “ఈసారి ముందుగా వ్రాసికొందము నాన్నగారూ” అన్నది. ఆ రాత్రి మేము వ్రాసికొన్న పట్టికనే, తరువాత అనుభవమున దిద్దుకొన్న రీతిగా, ఇచ్చట వివరించుచున్నాను.

మొట్టమొదట వ్రాసినది వస్తువు కాదు. పశువైద్యునికై తీసి వేరుగా ఉంచవలసిన సొమ్ము. ఇంటికి తెచ్చిన ఒకటి రెండు దినములలోనే పిల్లను ఆయనకు చూపవలయును. పార్వో, డిస్టెంపరు మొదలగు వ్యాధులకు టీకాలు ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సున ప్రారంభించి, మూడు నాలుగు వారముల కొకటి చొప్పున పదునారు వారములు నిండువరకు వేయింతురు. ఒక్క సూదితో పని ముగియదు. తల్లిపాలవలన వచ్చిన రక్షణ పిల్ల శరీరమున కొంతకాలము నిలిచి, టీకాను పని చేయనీయదు. అది ఎన్నడు తగ్గునో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరు. అందుచేతనే మరల మరల వేయవలసి వచ్చును. ఈ వరుస ముగియువరకు పిల్లను వీధిలో దింపరాదు. నట్టల మందు కూడ వైద్యుడు చెప్పిన తేదీలకే ఇప్పింపవలయును. ఈ తేదీలన్నియు వ్రాయుటకు ఒక చిన్న పుస్తకము ఆయనయే ఇచ్చును. మా యింట అది రేషను కార్డు ఉండు పెట్టెలోనే యున్నది.

పిచ్చికుక్క వ్యాధికి టీకా సాధారణముగా మూడు మాసములు నిండినప్పుడు వేసి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులకు మరల వేయింతురు. ఇది కుక్క కొరకే కాదు, మన కొరకును. ఆ వ్యాధి లక్షణములు మనుష్యునియందు ఒకసారి బయలుపడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి అరుదు. మనుష్యులకు ఈ వ్యాధి నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కలవలననే వచ్చుచున్నది. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్క ప్రకారము అనుమానాస్పదమైన జంతువుల కాటు తినువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు పిల్లలు. అనగా మీ యీడువారే. 1885 జూలై 6వ తేదిన పారిసు నగరమున లూయీ పాస్టరు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరు అను బాలునికి మొదటిసారి ఈ టీకా వేయించెను. ఆ దినమును పురస్కరించుకొనియే నేడు జూలై 6న జంతువులనుండి మనుష్యులకు సంక్రమించు వ్యాధులను గూర్చిన ప్రపంచ దినము జరుపుచున్నారు. ఆనాడు పెక్కు ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఈ టీకా ఉచితముగా వేయుదురు. కాబట్టి డబ్బులు లేవను సాకు కూడ నిలువదు.

దక్షిణ దేశమున ఈ చికిత్సకై 1907లో కూనూరులో పాస్టరు సంస్థ వెలసినది. తరువాత చాలకాలము మన దేశమున గొఱ్ఱె మెదడునుండి తీసిన మందును కడుపుమీద పెక్కు దినములు వరుసగా పొడిచెడివారు. ఆ సూదుల భయముచేతనే కాటు సంగతి దాచిపెట్టిన పిల్లలు నా చిన్ననాటి తరగతిలో కూడ ఉండిరి. ఆ మందు 2004తో మన దేశమున నిలిచిపోయినది. ఇప్పటి టీకా భుజమునకు వేయునది. కొలది మోతాదులతో ముగియును. కాబట్టి పిల్లలారా, కుక్క కరచినను, గోళ్లతో గీరినను దాచవలదు. వెంటనే కుళాయి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుడు. కారము, సున్నము, పసుపు పూయవలదు. పిమ్మట పెద్దలతో ఆస్పత్రికి పొండు. ఇంటి కుక్కకు టీకా వేయించితిమి గదా యని ఊరకుండుటయు తగదు.

పట్టికలో రెండవది గిన్నెలు. రెండు కావలయును, ఒకటి తిండికి, ఒకటి నీటికి. తేలికపాటి ప్లాస్టిక్కు గిన్నెను పిల్ల తలక్రిందులు చేయును, కొఱికి మ్రింగును. అడుగు వెడల్పైన ఉక్కు గిన్నె తిండికి మంచిది. నీటికి మేము చీరాల సంతలో మట్టి తొట్టి కొంటిమి. మన యూరి వేసవిలో లోహపు గిన్నెలోని నీరు ప్రొద్దెక్కకమునుపే వేడెక్కును, మట్టి తొట్టిలోనిది చల్లగా నిలుచును. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పోయదు. అరికాళ్లవద్ద కొంచెము తప్ప దానికి చెమట లేదు. నాలుక చాచి ఒగర్చుటవలననే అది తన వేడిని వెడలగొట్టవలయును. దానికి నీరు కావలయును. రోహిణికార్తెలో నీటి తొట్టి రోజునకు మూడుసార్లు కడిగి నింపుట మా పెద్దబ్బాయి వంతు.

ఈ సందర్భముననే జాతిని గూర్చి యొక మాట. మంచుదేశముల బొచ్చుకుక్కలను ముచ్చటపడి కొని, మన సముద్రతీరపు ఉక్కలో వానిని బాధపెట్టువారిని చూచుచున్నాము. మన దేశపు కుక్కలకేమి కొదువ? 2005లో భారత తపాలాశాఖవారు హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్క, రాంపూరు, ముధోలు, రాజపాళయము అను నాలుగు జాతులకు తపాలాబిళ్లలు వేసి గౌరవించిరి. అవియు అక్కరలేదు. మన వీధిలో పుట్టిన పిల్ల మన యెండకును మన తిండికిని అలవాటుపడినది. మేము రెండవసారి తెచ్చినది అట్టి పిల్లనే.

మూడవది తిండి. పిల్ల అంతవరకు ఏమి తినుచుండెనో పూర్వపు యజమానునడిగి, మొదటి వారము అదే పెట్టవలయును. మార్పు మెల్లమెల్లగా జరుగవలయును. ఆవుపాలు, గేదెపాలు గిన్నెనిండ పోసిన విరేచనములు పట్టుట కలదు. మా యింట మెత్తని యన్నము, ఉడికించిన గ్రుడ్డు, ఎముక లేని కోడిమాంసము కలిపి, కొంచెము కొంచెముగా రోజునకు నాలుగుసార్లు పెట్టితిమి. వైద్యుని సలహాతో పిల్లలకై చేసిన పొడి మేత కూడ కొంత కలిపితిమి. పెట్టగూడనివి ఒక అట్టమీద వ్రాసి వంటింటి తలుపునకు తగిలించితిమి: ఉల్లి, వెల్లుల్లి, చాకొలేటు, ద్రాక్ష, ఎండుద్రాక్ష. ఉడికిన ఎముకలు కూడ పెట్టరాదు, అవి చీలి గొంతునను ప్రేగులను గ్రుచ్చుకొనును. ఆదివారపు మాంసపు కూరలో మిగిలినది కుక్కకు వేయుట మన యాచారము. అందులో ఉల్లియు, ఎముకయు, ఉప్పును మూడును ఉన్నవి. వాడరేవు ఎండుచేపలయందు ఉప్పు అంతకంటె హెచ్చు. ఈ యట్ట మా అమ్మకు మొదట రుచించలేదు. “మేము పెంచిన కుక్కలు ఇవన్నియు చదువుకొని తిన్నవా?” అన్నది. కాని ఆ పిదప ఆదివారమున ఎముకలను తానే మూట గట్టి పారవేసినది.

నాలుగవది పడక. అంగళ్లలో మెత్తని పరుపులు దొరకును. మేము గోనెసంచిలో పాత నేతబట్టలు క్రుక్కి కుట్టితిమి. ఉదుకుటకు వీలైనదైన చాలును. ఇచ్చటనే మాకొక కష్టము వచ్చినది. చుక్క పండుకొనిన గోనెపట్టయు దాని ఎఱ్ఱని మెడపట్టీయు అమ్మాయి ఇనుపపెట్టెలో దాచుకొన్నదని అప్పుడు బయలుపడినది. క్రొత్తదానికి అవియే ఇత్తమన్నది. నేను వైద్యునడిగితిని. పార్వో క్రిములు మామూలు సబ్బునకు చావవనియు, ఇంటి వస్తువులమీద నెలల తరబడియు, నీడపట్టున నున్న మట్టిలో ఏడాది వరకును నిలువగలవనియు ఆయన చెప్పెను. ఒక పాలు బ్లీచు ద్రవమునకు ముప్పది పాళ్లు నీరు కలిపి, మొదట శుభ్రముగా కడిగిన గచ్చుమీద పోసి, పది నిమిషములు తడిగా ఉంచవలయుననెను. మట్టిమీద అది పని చేయదు. మట్టికి ఎండయు కాలమునే మందులు. మా పెరడు ఇసుకనేల. ఏడాదికి పైబడిన కాలమును, ఒక వేసవియు దానిమీదుగా గడచినవి గనుక భయము తగ్గినది.

గోనెపట్టను కాల్చివేయవలయునని అమ్మాయితో చెప్పుట నాకు సులభము కాలేదు. “అది చుక్కది” అన్నది. “అవును, చుక్కను చంపినది కూడ అందులో ఉండవచ్చును” అంటిని. చాలసేపు మాటలాడలేదు. తరువాత తానే తెచ్చి పెరటిలో పెట్టినది. పట్టీ కూడ పెట్టినది. మువ్వలు మాత్రము విప్పి, బ్లీచు నీటిలో ముంచి, కడిగి, మా వీధి తడికకు కట్టినది. తడిక తెరచినప్పుడెల్ల అవి మ్రోగును. పిల్ల వీధిలోనికి పరుగిడకుండ వెంటనే చూచుకొనుటకు అంతకంటె ఉపయోగకరమైన వస్తువు నేను ఏ యంగడిలోను కొనలేకపోయియుందును.

అయిదవది మెడపట్టీయు త్రాడును. నూలుపట్టీ మెత్తనిది. మెడకును పట్టీకిని నడుమ రెండు వ్రేళ్లు దూరవలయును. పిల్ల పెరుగుచుండును గనుక వారమున కొకసారి కొలిచి వదులు చేయవలయును. పట్టీకి రేకుబిళ్ల తగిలించి, దానిమీద ఇంటి ఫోను సంఖ్య చెక్కింపవలయును. ఇనుపగొలుసుతో ఎండలో స్తంభమునకు కట్టివేయుట క్రూరము. వీధిలో నడిపించునప్పుడు ముందు మన అరచేతి వెనుకభాగమును నేలమీద అయిదు సెకండ్లు ఉంచి చూడవలయును. మనము ఓర్వలేనిదానిని దాని పాదములును ఓర్వలేవు.

ఆరవది దువ్వెనయు, కుక్కలకై చేసిన సబ్బును. మన ప్రాంతమున పిడుదులు మెండు. వానిని పోగొట్టుటకు కిరసనాయిలు పూయుట, ఫినాయిలుతో కడుగుట పెక్కిండ్ల చూచితిని. కుక్క తన ఒడలు నాకుకొనును, అవి విషములు. పిడుదుల మందును వైద్యునడిగియే, పిల్ల బరువు చెప్పియే తీసికొనవలయును.

ఏడవది కొఱుకుటకు వస్తువు. పండ్లు వచ్చు పిల్ల ఏదో యొకటి కొఱుకక మానదు. దానికి దగినది మనమీయనియెడల మన చెప్పులు తీసికొనును. నోటిలో పూర్తిగా పట్టనంత పెద్ద గట్టి రబ్బరు బంతి మంచిది. మగ్గములు గల ఇండ్లవారికి ప్రత్యేకముగా నొక హెచ్చరిక. మన పేరాలలో నూలు లేని యిల్లు అరుదు. పిల్ల ఆటలో దారపు పోగు మ్రింగినయెడల అది ప్రేగులలో చిక్కుపడి, వానిని ముడుచుకొనిపోవునట్లు లాగి కోయును. శస్త్రచికిత్స లేక బ్రతుకుట కష్టము. కండెలు, చిక్కునూలు పైకెత్తి పెట్టుడు. మగ్గపు గుంటకు పని లేనప్పుడు పలక మూయుడు. బావికి గట్టు తక్కువైన దానిచుట్టు తడిక కట్టుడు. ఇవి కొనవలసినవి కావు, చూచుకొనవలసినవి.

ఎనిమిదవది పాత వార్తాపత్రికలు, తుడుచుటకు గుడ్డలు, ఓర్పు. పిల్ల నిద్ర లేచినంతనే, తిన్నంతనే బయటకు గొనిపోవలయును. తప్పుచోట తడిపినయెడల కొట్టుటవలన లాభము లేదు. ఎందుకు దెబ్బ తగిలెనో దానికి తెలియదు, మనకు దాగుటమాత్రమే నేర్చుకొనును. ఈ మాట వ్రాయునప్పుడు తరగతి గదులలో నేను చూచిన బెత్తములు కూడ నాకు జ్ఞాపకము వచ్చినవి.

పట్టిక చివర అమ్మాయి ఒక గడి గీసి, అందులో ఇంటివారి పేర్లన్నియు వ్రాసినది. ప్రాతఃకాలమున బయటకు తీసికొనిపోవువారెవరు, నీరు పోయువారెవరు, ఊరికి వెళ్లినప్పుడు చూచుకొనువారెవరు, పరీక్షల దినములలో ఎవరు. ప్రతివారును తమ పేరెదుట చేవ్రాలు చేయవలయునట. మా అమ్మ తనకు చేవ్రాలు చేయుట యేలయని నవ్వి, పిదప చేసినది. కుక్కపిల్లకు కావలసిన వస్తువులలో అన్నిటికంటె వెలగలది దినమునకు రెండు గంటల కాలము; అది అంగడిలో దొరకదు. పెద్దదైన తరువాత సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింతుమని కూడ ఆ కాగితముననే వ్రాసికొంటిమి. పుట్టిన పిల్లలను గోతాములో గట్టి సంతలో విడుచువారికి మాకును భేదముండవలయును గదా.

ఇట్లు సిద్ధపడి, ఎనిమిది వారములు నిండిన పిల్లను దెచ్చుకొంటిమి. నాలుగు దినములు ముందుగానే ఒక పాతబట్టను తల్లియు తోబుట్టువులును పండుకొను చోట పరపించి, ఆ బట్టతోనే పిల్లను బుట్టలో పెట్టి తెచ్చితిమి. అయినను మొదటి రాత్రి అది ఏడ్చెను. ఇల్లు విడుచుట యెట్టిదో మా యూరివారికి తెలియును. 1921లో మునిసిపలు పన్నును ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు వేలకొలది తమ యిండ్లు విడిచి, రామనగరున పాకలలో పదునొకండు నెలలు ఎండవానల కోర్చి నివసించిరి. వారు తెలిసి, ఒక నియమముకొరకు విడిచిరి. ఈ చిన్నప్రాణికి ఎందుకు విడిచినదో తెలియదు. అమ్మాయి దాని బుట్టను తన మంచము ప్రక్కనే పెట్టుకొని, వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి అందులో ఉంచి, చేయి క్రిందికి వ్రేలాడవేసి నిద్రపోయినది. రెండు గంటల వేళ నేను లేచి చూచునప్పటికి రెండును నిద్రలో ఉన్నవి.

రూతు నయోమిని విడువకుండ వెంబడించినట్లు ఇది అమ్మాయిని విడువదు గనుక దానికి రూతు అని పేరు పెట్టవలయునని అమ్మాయి పట్టుపట్టెను. వాక్యములోని పేరు కుక్కకేమిటని మా అమ్మ ఒప్పుకొనలేదు. తుదకు తోడు అని పేరు పెట్టితిమి. నాలుగు టీకాలును తేదీ తప్పకుండ పడినవి. ఇప్పుడది మా తడిక మువ్వలు మ్రోగినంతనే చెవులు నిక్కించును.

సామెతల గ్రంథకర్త నీతిమంతుని గుర్తుపట్టుటకు చెప్పిన ఆనవాళ్లలో, వాడు తన పశువుపట్ల మెలగు తీరు కూడ ఒకటి. అది దయ గల మనస్సును గూర్చినదని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకొంటిని. నేను చుక్కను ప్రేమింపకపోలేదు. కాని ప్రేమించుట యొకటి, తేదీ చూచి వైద్యుని యొద్దకు నడచుట యొకటి. రెండవది చేయని నా ప్రేమవలన చుక్కకు ఒరిగినదేమియు లేదు.

ఇక నా విద్యార్థి సంగతి. ఈ వ్యాసము ముగించు వేళ అతని కాగితమును మరల తీసి చూచితిని. అమ్మ నడుగవలెనన్న ఆ వాక్యములో నా పట్టిక యంతయు ఇమిడియున్నది: ఇల్లు ఒప్పుకొనుట, సొమ్ము చూచుకొనుట, మగ్గపు గుంట మూయుట, ఎవరి వంతు ఏదో తేల్చుకొనుట. నేను ఒక ప్రాణమిచ్చి నేర్చుకొన్నదానిని అతడు ఇంటిలోనే నేర్చుకొన్నాడు. తగ్గించిన ఆ ఒక్క మార్కును ఇందుమూలముగా అతనికి ఇచ్చివేయుచున్నాను.